సార్డీనియాలో కాలా గోలొరిత్సే బీచ్‌కి పెద్దవాళ్ళతో, చిన్నపిల్లతో వెళ్ళొచ్చా?

మీరు అడిగింది ఇదీ: సెప్టెంబర్ రెండో వారంలో మ్యూనిక్ నుంచి సార్డీనియా వెళ్తున్నారు. మీరూ, మీ ఆవిడా, ఏడేళ్ళ పాప, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. మీ ఆవిడ ఫోన్‌లో కాలా గోలొరిత్సే ఫొటోలు చూసి, వెళ్తే అక్కడికే వెళ్ళాలని పట్టుబట్టారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మామయ్యగారు శాకాహారి. నడక కష్టమైతే పడవలో పోవచ్చు కదా అన్నది మీ ఆలోచన. అది "మనుషుల తాకిడి లేని" చోటని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అయిదుగురూ కలిసి వెళ్ళే చోటు కాదు అది. పడవలో పోతే దూరం నుంచి చూసి రావడమే, ఒడ్డున కాలు పెట్టనివ్వరు. మీరిద్దరూ ఒక రోజు నడిచి వెళ్ళి రండి. అందరూ కలిసి వెళ్ళడానికి ఇంకో రోజు, ఇంకో బీచ్ పెట్టుకోండి. నేను ఇటలీలోనే ఉంటాను, ఆ తూర్పు తీరంలో కొండదారులు తిరగడం అలవాటు. ఇక్కడికి వచ్చే మనవాళ్ళు అడిగేవి కూడా ఇంచుమించు ఇవే సందేహాలు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గోలొరిత్సే అంటే బీచ్ అనుకోకండి. అదొక కొండ నడక, దాని చివర సముద్రం ఉంది, అంతే. ఇది మనసులో పెట్టుకుంటే ఎన్నింటికి బయల్దేరాలి, ఏం వేసుకోవాలి, ఎవరు రావాలి అన్నవన్నీ వాటంతటవే తేలిపోతాయి.

సార్డీనియాకి తూర్పున ఓరొసేయి గల్ఫ్ ఉంది. ఉత్తరాన కాలా గొనోనే, దక్షిణాన సాంతా మరీయా నవర్రేసే. ఈ రెండు ఊళ్ళ మధ్య సుమారు 40 కిలోమీటర్ల తీరం. అంత పొడుగునా ఒడ్డు వెంబడి రోడ్డు లేదు, ఊరు లేదు, హోటల్ లేదు. సున్నపురాయి కొండలు వందల మీటర్ల ఎత్తు నుంచి తిన్నగా సముద్రంలోకి దిగిపోతాయి. కొండల్ని కోసుకుంటూ వచ్చిన లోయ సముద్రాన్ని తాకిన చోటల్లా ఒక చిన్న ఒడ్డు. దాన్నే అక్కడ కాలా అంటారు. గోలొరిత్సే వీటిలో బాగా చిన్నవాటి లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు మనం చూసే రూపం 1962లో కొండచరియ విరిగిపడ్డాక వచ్చిందంటారు. ఒక పక్క నీళ్ళలోకి దిగిన సహజమైన రాతి తోరణం, వెనకాల 143 మీటర్ల ఎత్తున నిటారుగా నిలబడిన రాతి స్తంభం. ఆ స్తంభాన్ని అగూల్యా అంటారు. తాళ్ళతో రాళ్ళెక్కేవాళ్ళకి అది పెద్ద పేరున్న చోటు. ఒడ్డున పడుకుని తల ఎత్తితే పైన ఎర్ర హెల్మెట్లు మెల్లిగా కదులుతూ కనిపిస్తుంటాయి.

అక్కడికి రోడ్డు ఎందుకు పడలేదంటే, అవసరం ఎవరికీ లేకపోయింది. కొండ మీదున్న బౌనేయి ఊరివాళ్ళు సముద్రం మనుషులు కాదు, మేకల మనుషులు. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీ ప్రధాన భూభాగం నుంచి బొగ్గు కాల్చేవాళ్ళు వచ్చి ఓక్ చెట్లు నరికి, బొగ్గు చేసి, కంచరగాడిదల మీద ఒడ్డుకి దించి ఓడలకెత్తేవాళ్ళు. ఈ తీరంలో ఇవాళ మనం నడిచే దారులు చాలావరకు మేకల కాపరులవీ, ఆ బొగ్గు పనివాళ్ళవీ. నిటారు రాతి దగ్గర కాపరులు జునిపర్ దుంగల్ని ఆనించి నిచ్చెనలు చేసుకున్నారు. కొన్ని దారుల్లో అవి ఇప్పటికీ ఉన్నాయి. ఈ పాత దారుల్నే కలుపుతూ 1980ల చివర్లో సెల్వాజ్జో బ్లూ అని కొన్ని రోజులు పట్టే నడక ఒకటి తయారైంది. తాళ్ళు వాడటం రానివాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు. గోలొరిత్సే దారికి తాళ్ళతో పనిలేదు, ఆ మాటకి భయపడకండి.

దారి సంగతి. బౌనేయి ఊళ్ళోంచి ఒక నిటారు రోడ్డు మలుపులు తిరుగుతూ గోల్గో పీఠభూమి మీదికి ఎక్కుతుంది. ఎదురుగా కారు వస్తే ఒకరు ఆగాల్సిందే. పైకి చేరాక నేల చదునవుతుంది, రోడ్డు మీద పందులు, గాడిదలు తీరుబడిగా తిరుగుతుంటాయి. హారన్ కొట్టినా అవి జరగవు, మీరే ఆగాలి. చివర్లో కొంత మట్టిరోడ్డు. సు పొర్తెద్దు అనేచోట కారు పెట్టాలి. అక్కడ చిన్న బార్, మరుగుదొడ్లు ఉన్నాయి. అవి దాటితే మళ్ళీ అక్కడికి తిరిగొచ్చేదాకా నీళ్ళ పంపు గానీ, టాయిలెట్ గానీ, కొట్టు గానీ ఏమీ ఉండవు.

నడక ఒక వైపు 3.5 కిలోమీటర్లు. అంకె చూసి తేలిగ్గా తీసుకోకండి. మొదట కాసేపు పైకి ఎక్కించి, సుమారు 470 మీటర్ల ఎత్తున్న గట్టు దాటించి, అక్కణ్ణుంచి సముద్రమట్టం దాకా దించేస్తుంది. మామూలు మనిషికి దిగడానికి గంటా, గంటా పావు పడుతుంది. తిరిగి ఎక్కడానికి గంటన్నర నుంచి రెండు గంటలు. శ్రీవారి మెట్టు ఎక్కిన అనుభవం మీకుంటే ఎత్తు విషయంలో ఆ అంచనా పనికొస్తుంది. కాకపోతే అక్కడ మెట్లున్నాయి, పైకప్పుంది, ఎక్కడం అయిపోతే దర్శనం. ఇక్కడ దర్శనం ముందు, ఎక్కడం తర్వాత. అదీ ఎండలో, ఉప్పునీళ్ళు ఆరిన ఒంటితో.

గట్టు దాటగానే లోయ మొదలవుతుంది. కాళ్ళ కింద తెల్లటి సున్నపురాళ్ళు. వేలమంది తొక్కీ తొక్కీ కొన్ని నున్నగా అయిపోయాయి, పొడిగా ఉన్నా జారతాయి. కొన్ని వదులుగా ఉండి అడుగేస్తే దొర్లుతాయి. లోయ మధ్యలో పెద్దపెద్ద ఓక్ చెట్లు, ఆకు చిన్నది గానీ నీడ చిక్కన. దారి పక్కన ఒకచోట కొండచరియ కింద రాళ్ళు పేర్చి గోడ కట్టిన మేకల దొడ్డి ఉంది. లోపలికి వంగి చూస్తే కప్పు పొగచూరి నల్లగా ఉంటుంది. ఆ ప్రాంతంలో కాపరుల గుడిసెలు కూడా చూస్తారు: గుండ్రంగా రాతి పునాది, దాని మీద జునిపర్ మొద్దులు శంకువులా నిలబెట్టి కట్టినవి. మేకల మెడ గంటలు వినిపిస్తుంటాయి గానీ మేకలు మాత్రం ఏ రాతి మీదున్నాయో వెతుక్కోవాలి. సగం దాటాక చెట్ల సందుల్లోంచి అగూల్యా కొన కనపడుతుంది. "వచ్చేశాం" అనిపిస్తుంది. రాలేదు. అక్కణ్ణుంచీ ఇంకా చాలా దిగాలి, చివరి భాగం నిటారుగా మెట్ల మీద.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధ. అత్తయ్యగారు "మెల్లిగా వచ్చేస్తాలే బాబూ, నాకేం కాదు" అంటారు. మన పెద్దవాళ్ళు అలాగే అంటారు. ఒప్పుకోకండి. కింద కాలు మెలికపడితే ఆంబులెన్స్ వచ్చే దారి లేదు. సముద్రం మీంచో, హెలికాప్టర్‌తోనో తీసుకెళ్ళాలి. లోయలో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. అత్యవసరానికి నంబరు 112, సముద్రంలో ఆపదకి కోస్ట్ గార్డ్ 1530, ఈ రెండూ రాసి పెట్టుకోండి.

పాప విషయంలో నేను అంత ఖచ్చితంగా వద్దనను. బవేరియా కొండల్లో మీతో నాలుగైదు గంటలు నడిచే అలవాటుంటే ఏడేళ్ళ పిల్ల చక్కగా దిగుతుంది, ఎక్కుతుంది కూడా. అలవాటు లేకపోతే ఎక్కేటప్పుడు భుజాల మీద మోయాల్సింది మీరే. దాంతో పాటు నీళ్ళ సంచీ కూడా.

ఇక పడవ. ఒడ్డుకి కొంత దూరంలో హద్దు గుర్తుగా నీళ్ళ మీద తేలే బంతులు (బోయలు) వరసగా కట్టారు. మోటారు పడవలు దాన్ని దాటి లోపలికి రాకూడదు, మనుషుల్ని ఒడ్డున దించకూడదు. గల్ఫ్‌లో తిరిగే టూరిస్టు పడవలన్నీ బోయల బయట కాసేపు ఆగి, ఫొటోలు తీసుకోనిచ్చి ముందుకెళ్ళిపోతాయి. "గోలొరిత్సే టూర్" అని ప్రకటనలు కనిపిస్తే అర్థం అదే. ఒడ్డున దింపుతామని ఎవరైనా రహస్యంగా చెబితే ఆ బేరానికి దూరంగా ఉండండి.

నడిచి వెళ్ళేవాళ్ళక్కూడా లెక్క ఉంది: రోజుకి 250 మంది. టికెట్ 2025లో మనిషికి 7 యూరోలుగా ఉండేది. హార్ట్ ఆఫ్ సార్డీనియా అనే యాప్‌లో ముందే బుక్ చేసుకోవాలి. అక్కడికి వెళ్ళాక చూసుకుందాం అనుకుంటే సెప్టెంబర్‌లో కూడా నిరాశ తప్పకపోవచ్చు, ఎందుకంటే 2025లో ఈ బీచ్‌ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదని ఒక ప్రసిద్ధ జాబితా మొదటి స్థానంలో పెట్టింది. ఆ జాబితాల మీద నాకు పెద్ద గౌరవం లేదు గానీ జనం మీద వాటి ప్రభావం మాత్రం నిజం. మధ్యాహ్నం దాటాక కిందికి దిగనివ్వరు, సాయంత్రం ఒక వేళకి అందర్నీ పైకి బయల్దేరమంటారు. ఆ వేళలు సీజన్‌ని బట్టి మారతాయి కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడు యాప్‌లో ఏముందో అదే పాటించండి.

ఈ పరిమితి మీద మనవాళ్ళు విసుక్కోవడం విన్నాను: "సముద్రానికి టికెట్టేంటండీ?" అని. నా అభిప్రాయం వేరు. ఆ ఒడ్డు ఎంత చిన్నదంటే 250 మందే ఎక్కువనిపిస్తుంది. పదకొండు నుంచి రెండింటి దాకా తువ్వాలు పరుచుకోవడానికి చోటు వెతుక్కోవాలి. "మనుషుల తాకిడి లేని" అని మీరు రాశారు గానీ సీజన్‌లో అది నిర్మానుష్యంగా ఉండదు. పాడవకుండా ఉంది, అంతవరకు నిజం. అలా ఉండటానికి కారణం కూడా ఈ నడక, ఈ టికెట్, ఆ బోయలే. పడవల్ని దిగనిచ్చి ఉంటే, గొడుగులు అద్దెకిచ్చే కొట్టు ఒకటి వెలిసి ఉంటే మీ ఆవిడ చూసిన ఫొటో ఈపాటికి మిగిలేది కాదు.

అందుకే పొద్దున్నే వెళ్ళమంటాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది చాలామందికి తట్టదు. ఈ తీరం తూర్పు ముఖం. మన విశాఖలో లాగే సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు. పడమట నిలువెత్తు కొండ. దాంతో మధ్యాహ్నం గడిచేకొద్దీ కొండ నీడ ఒడ్డు మీద పడిపోతుంది. సెప్టెంబర్‌లో పొద్దు ఇంకా కిందికి వాలుతుంది కాబట్టి నీడ ఇంకా ముందే వస్తుంది. ఫొటోల్లో కనిపించే ఆ పాలనీలం రంగు ఎండ నేరుగా నీళ్ళ అడుగుకి తగిలితేనే కనిపిస్తుంది. మూడు దాటాక చేరినవాళ్ళు "ఫొటోలో ఉన్నట్టు లేదే" అంటారు. ఫొటో అబద్ధం కాదు, వేళ తప్పింది. ఎనిమిదింటికల్లా నడక మొదలుపెడితే తొమ్మిదింపావుకి కింద ఉంటారు. ఒంటిగంట దాకా హాయిగా గడిపి, తిని, మిట్టమధ్యాహ్నపు వేడి కాస్త తగ్గేదాకా కొండ నీడలో కూర్చుని, ఆ తర్వాత ఎక్కండి. రెండింటికి ఎండలో ఎక్కడం మాత్రం వద్దు, ఆ లోయలో గాలి ఆడదు.

నీళ్ళ గురించి ఒక్క మాటకి బదులు రెండు చెప్తాను. ఆ కొండంతా సున్నపురాయి. వాన పడితే నీరు పైన నిలవదు, పగుళ్ళలోంచి లోపలికి ఇంకిపోతుంది. గోల్గో మీద సు స్తెర్రు అని ఒక బిలం ఉంది, నిట్టనిలువుగా 270 మీటర్ల లోతు. చుట్టూ కంచె వేశారు. సు పొర్తెద్దుకి దగ్గరే కాబట్టి తిరుగు ప్రయాణంలో చూడొచ్చు. రాయిలోకి అలా దిగిన నీరంతా లోలోపల ప్రయాణం చేసి సముద్రమట్టం దగ్గర ఊటలుగా బయటికొస్తుంది. గోలొరిత్సే గులకరాళ్ళ కిందినుంచి కూడా అలాంటి మంచినీటి ఊటలు వస్తాయి. ఈత కొడుతుంటే ఉన్నట్టుండి చల్లటి చార ఒకటి కాళ్ళకి తగులుతుంది, రెండు బారలు వేస్తే మళ్ళీ వెచ్చగా ఉంటుంది. నీళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరగా చూస్తే తీపినీరు, ఉప్పునీరు కలిసే చోట నీళ్ళు నూనె కలిపినట్టు వణుకుతూ మసకగా కనిపిస్తాయి. చూడాల్సిన దృశ్యం అది, చాలామంది గమనించకుండానే వచ్చేస్తారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, దారిలో వాగు గానీ చెలమ గానీ లేకపోవడానికీ కారణం అదే. మనిషికి కనీసం రెండున్నర, మూడు లీటర్లు మోసుకెళ్ళాలి. అందులో సగం తిరిగెక్కేటప్పటికి మిగలాలి. ఈ సగం లెక్క తప్పినవాళ్ళే మధ్యలో పక్కవాళ్ళని నీళ్ళడుగుతూ కనిపిస్తారు.

ఒడ్డున ఇసుక లేదు, చిన్నచిన్న తెల్ల గులకరాళ్ళు. మెత్తగా ఉంటాయనుకుని వట్టి కాళ్ళతో దిగితే నాలుగడుగులకే నాట్యం చేస్తారు. నీళ్ళలో వేసుకునే రబ్బరు బూట్లు ఒక జత, నడకకి పట్టు ఉన్న బూట్లు ఒక జత. హవాయి చెప్పులతో ఆ కొండ దిగాలనుకోవడం వెర్రితనం. గొడుగు మోయకండి, టోపీ చాలు. ఒడ్డు నుంచి కొద్ది అడుగులకే లోతు వచ్చేస్తుంది కాబట్టి ఈత సరిగా రానివాళ్ళు అంచునే ఉండాలి. లైఫ్‌గార్డు ఉంటాడని లెక్క వేసుకోవద్దు. అలలు మన బంగాళాఖాతం అలల్లా విరుచుకుపడవు, పోటుపాట్లు కూడా నామమాత్రం. ఆ నిమ్మళం చూసి మోసపోవద్దు. తోరణం మీదికెక్కి దూకేవాళ్ళని చూసి మీరు దూకొద్దు. కొండ అంచుకి ఆనుకుని పడుకోవద్దు, పైనుంచి రాళ్ళు రాలే చోటది. ఆ ఒడ్డు పుట్టిందే అలా.

సముద్రం ఎప్పుడు పాడవుతుందో తెలుసుకోవాలంటే గాలి దిక్కు చూడాలి. ఐరోపావాళ్ళు మిస్త్రాల్ అని భయపెట్టే వాయవ్యపు గాలి ఇక్కడ కొండ వెనకనుంచి వస్తుంది కాబట్టి ఈ ఒడ్డుని పెద్దగా ఏమీ చేయదు. ద్వీపానికి పడమట సముద్రం ఉడికిపోతున్న రోజున కూడా ఇక్కడ నీళ్ళు నిలకడగా ఉండొచ్చు. తూర్పు గాలి గానీ, ఆగ్నేయం నుంచి వచ్చే షిరొక్కో గాలి గానీ అయితే నేరుగా తగులుతుంది. అలలు గులకరాళ్ళని ఈడ్చి కొడతాయి, నీళ్ళు పాలిపోయి రంగు పోతుంది, పడవలు కూడా కదలవు. బుక్ చేసేముందు వాన ఒక్కటే కాదు, గాలి దిక్కు కూడా చూడండి. సెప్టెంబర్ రెండో వారంలో సాధారణంగా వాతావరణం బాగుంటుంది, నీళ్ళు ఇంకా వెచ్చగా ఉంటాయి, జూలై ఆగస్టు జనం తగ్గుతారు. ఆ నెల మంచి ఎంపిక. ఉరుములతో వాన సూచన ఉంటే మాత్రం లోయల్లోకి దిగకండి. ఎండిపోయి కనిపించే ఆ లోయలే వరద దారులు.

పాపకి ముందే చెప్పి పెట్టండి: రాయి ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. సార్డీనియాలో 2017 నాటి ప్రాంతీయ చట్టం ప్రకారం బీచ్ నుంచి ఇసుక, గులకరాళ్ళు, గవ్వలు తీసుకెళ్తే 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా. 2019లో ఒక ఫ్రెంచి జంట కారులో సీసాల్లో నింపిన 40 కిలోల ఇసుక దొరికింది, కేసు పెట్టారు. మన పిల్లలకి గవ్వలేరుకోవడం సరదా, ఎయిర్‌పోర్టులో ఆ సరదా ఏడుపవుతుంది.

ఇప్పుడు మీ కుటుంబానికి నా సలహా. బస కాలా గొనోనేలో కాకుండా దక్షిణాన సాంతా మరీయా నవర్రేసేలో పెట్టుకోండి. ఓల్బియా విమానాశ్రయం నుంచైనా, కాల్యారి నుంచైనా కారులో రెండు గంటల పైనే. ఓల్బియా వైపు నుంచి వస్తే దొర్గాలి దాటాక 125వ నంబరు రోడ్డు జెన్నా సిలానా అనే 1,017 మీటర్ల కనుమ మీదుగా వస్తుంది. అందం చెప్పనక్కర్లేదు, మలుపులూ చెప్పనక్కర్లేదు. పాపకి కారులో వాంతులయ్యే అలవాటుంటే కాల్యారి వైపు నుంచే రండి. ఇక్కడ బస ఎందుకంటే, ఊళ్ళోనే బీచ్ ఉంది. చర్చి పక్కన శతాబ్దాల నాటి అడవి ఆలివ్ చెట్లున్నాయి, ఒక్కొక్క మాను చుట్టూ నలుగురు చేతులు కలపాలి. వాటి కింద నీడలో పెద్దవాళ్ళు కూర్చుంటే పక్కనే కాఫీ, అవతల పాత కాపలా బురుజు, కింద సముద్రం. మీరిద్దరూ గోలొరిత్సే వెళ్ళిన రోజు అత్తయ్యగారూ, మామయ్యగారూ, పాపా ఇక్కడ కాలక్షేపం చేయొచ్చు. వాళ్ళకి ఇటాలియన్ రాదు కదా అని బెంగ వద్దు, పాపకి జర్మన్ వచ్చు కదా, ఆ తీరానికి వచ్చేవాళ్ళలో జర్మన్లు తక్కువేం కాదు.

ఇంకో రోజు అందరూ పడవ ఎక్కండి. సాంతా మరీయా నుంచి, పక్కనే అర్బతాక్స్ నుంచి పడవలు వెళ్తాయి. వాటిలో గోలొరిత్సే ముందు నుంచి వెళ్ళేది చూసి తీసుకుంటే అత్తయ్యగారు కూడా ఆ స్తంభాన్నీ తోరణాన్నీ సముద్రం వైపు నుంచి చూస్తారు. నిజానికి కొండ ఎంత ఎత్తో తెలిసేది సముద్రం నుంచే. ఆ పడవలు కాలా మరియోలులో దింపుతాయి. అక్కడ కూడా తెల్లరాళ్ళే, నీళ్ళు గోలొరిత్సేకి ఏమాత్రం తీసిపోవు, చేపలు కాళ్ళ చుట్టూ తిరుగుతాయి. అక్కడా రోజుకింతమంది అని పరిమితి ఉంది, ముందే అడిగి పెట్టుకోండి. దిగేటప్పుడు పడవ ముందుభాగం నుంచి చిన్న నిచ్చెన వేస్తారు, నీళ్ళు ఊగుతుంటే అది కూడా ఊగుతుంది. రబ్బరు పడవలు వద్దు, అత్తయ్యగారి మోకాళ్ళకి పెద్ద పడవే నయం. టికెట్ కొనేముందు "నిచ్చెన ఉందా, నీళ్ళలోకి దూకాలా" అని అడగడానికి మొహమాటపడకండి.

కాలా లూనా చాలా పేరున్నది, పెద్దది, వెనకాల గుహలు కూడా ఉన్నాయి. జనం కూడా దానికి తగ్గట్టే. ఈ ట్రిప్పులో వదిలేసినా నష్టం లేదు.

కాగితాల విషయం. జర్మన్ లైసెన్స్ మీద మీరు కారు నడిపితే ఇబ్బంది లేదు. మామయ్యగారు సరదాపడి నడుపుతానంటే ఇండియా లైసెన్స్ ఒక్కటీ చాలదు, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉండాలి. ఆ గోల్గో రోడ్డు మీద మాత్రం ఎవరు అడిగినా స్టీరింగ్ ఇవ్వకండి. షెంగెన్ వీసా జర్మనీ ఇచ్చినదైనా ఇటలీలో చెల్లుతుంది, పాస్‌పోర్టులు మాత్రం మ్యూనిక్‌లో వదిలేసి రావద్దు.

తిండి. కొండకి పులిహోర పట్టుకెళ్ళడం మంచి ఆలోచన, చింతపండు పులుపుంటే మధ్యాహ్నం దాకా చెడదు. పక్కన పానే కరసావు అనే పల్చటి కరకరలాడే రొట్టె కొనుక్కోండి. కాపరులు రోజుల తరబడి కొండ మీద ఉండేటప్పుడు వెంట ఉంచుకునేది అదే, ఎంత ఎండకీ పాడవదు. చెత్తంతా, పండ్ల తొక్కలతో సహా, మళ్ళీ పైకి మోసుకురావాలి. కింద చెత్తబుట్ట లేదు.

మామయ్యగారికి ఆ ప్రాంతంలో ఇబ్బంది ఉండదనుకుంటాను. బౌనేయి ఉన్న ఓల్యాస్త్రా ప్రాంతపు ప్రత్యేక వంటకం కులుర్జోనెస్. బంగాళాదుంప, గొర్రెపాల చీజ్, పుదీనా కలిపిన ముద్దని పిండి బిళ్ళలో పెట్టి, గోధుమ కంకి ఆకారం వచ్చేలా అంచుని వేళ్ళతో మడిచి మూస్తారు. ఉడికించి టొమాటో సాస్‌తో ఇస్తారు. చాలామంది తెలుగువాళ్ళకి ఇటలీలో మొదటిసారి కడుపు నిండేది దీంతోనే. ఒక జాగ్రత్త: అక్కడి పెకొరీనో అనే గొర్రెపాల చీజ్‌ని సాధారణంగా గొర్రెపిల్ల, దూడ లాంటి పశువుల కడుపులోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతో తోడుపెడతారు. మామయ్యగారు గుడ్డు, మాంసం ముట్టకపోతే చాలు అనుకునేవారైతే ఫర్వాలేదు. అంతకన్నా నిష్ఠగా ఉంటే చీజ్ లేని వంటకం చూసుకోవాలి. కొన్ని ఇళ్ళలో ముద్దలోనో పిండిలోనో పంది కొవ్వు కూడా కలుపుతారు. దాన్ని స్త్రుత్తో అంటారు. ఆర్డర్ ఇచ్చేముందు "సెన్‌జా స్త్రుత్తో?" అని అడిగితే వంటమనిషిని కనుక్కుని చెప్తారు.